చైనా నీలి అద్దకం మన కలంకారీ లాంటిదేనా? కాస్త పొడుగు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ ఆడపడుచు చైనా నుంచి నీలం మీద తెల్ల పువ్వులున్న దుప్పటి తెచ్చింది, కొట్టువాడు చేత్తో అద్దిందని చెప్పి అమ్మాడు. అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది, అది మన కలంకారీ లాంటిదా లేక మైనం పెట్టి అద్దే బాతిక్కా, నేర్చుకుని ఇంటి దగ్గర చేసి అమ్ముకోవచ్చా. నేను బందరు వైపు చిన్న అద్దకం షెడ్డు నడుపుతాను. ఇరవై రెండేళ్ళుగా నీలి తొట్టితోనే బతుకు, నా గోళ్ళు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. చైనావాళ్ళ పద్ధతుల మీద పిచ్చి పట్టి కొన్ని నా షెడ్డులోనే చేసి చూశాను, కొన్ని తాన్లు నాశనం చేసుకున్నాను కూడా. అందుకని కాస్త ఓపికగా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. అది కలంకారీ కాదు, బాతిక్ కూడా కాదు, కాకపోతే బాతిక్‌కి మేనత్త కూతురు అనుకోండి. కలంకారీలో ఎరుపు, నలుపు ఎక్కడ రావాలో అక్కడ మనం పటిక నీళ్ళో ఇనప నీళ్ళో పెడతాం, రంగు అక్కడ పట్టుకుంటుంది. చైనా నీలి బట్టలో రంగు ఎక్కడ రాకూడదో అక్కడ ముద్ద పెడతారు, బట్ట మొత్తాన్ని తొట్టిలో ముంచుతారు, చివర్లో ఆ ముద్దనంతా గీకి పారేస్తారు. మీరు చూసే తెల్ల పువ్వు రంగు అంటని ఖాళీ జాగా, అంతే. ఇలా రంగును ఆపి నమూనా తెప్పించే పనిని వాళ్ళు షియే అంటారు. మైనంతో ఆపితే లాషియే, దారంతో కట్టి ఆపితే జియావోషియే, చెక్కల మధ్య బిగించి ఆపితే జియాషియే, సున్నపు ముద్దతో ఆపితే హుయిషియే. మీ దుప్పటి అసలైనదైతే ఈ చివరిదే అయ్యుంటుంది. వాళ్ళు దాన్ని లాన్ యిన్ హువా బు అంటారు, అంటే నీలి అచ్చుపువ్వుల గుడ్డ. దీనికి పేరుమోసిన ఊరు జియాంగ్సు రాష్ట్రంలోని నాంటాంగ్, యాంగ్‌ట్సీ నదికి ఉత్తరపు ఒడ్డున, షాంఘైకి ఎగువన. 2006లో చైనా ప్రభుత్వం తమ సాంస్కృతిక వారసత్వాల తొలి జాతీయ జాబితాలో ఈ నాంటాంగ్ పనిని చేర్చింది.

ఆ ముద్ద ఏమిటో వింటే నవ్వొస్తుంది: సోయా పిండి, సున్నం. పిండి భాగం కొంచెం ఎక్కువ, సున్నం కొంచెం తక్కువ, నీళ్ళు పోసి దోసెపిండికంటే కాస్త గట్టిగా కలుపుతారు. సోయాలో ఉన్న ప్రొటీన్ సున్నంతో కలిసి గట్టిపడుతుంది, సోయా పాలని విరగ్గొట్టి టోఫూ చేసేటప్పుడు జరిగేది కూడా దాదాపు ఇదే సంగతి. గట్టిపడ్డాక నీళ్ళలో కరగదు, కానీ పెళుసుగా ఉంటుంది కాబట్టి కత్తితో గీకితే ఊడిపోతుంది. నీళ్ళకి లొంగకూడదు, కత్తికి లొంగాలి, రెండూ ఒకే ముద్దలో కావాలి. ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

ముద్దని బట్ట మీదికి దింపేది కాగితపు స్టెన్సిల్. రెండు మూడు పొరల దళసరి కాగితం అతికించి, నమూనా చెక్కి, టుంగ్ అనే చెట్టు గింజల నూనె పూసి ఆరబెడతారు. ఆ నూనెతో కాగితం తడికి మెత్తబడకుండా ఎన్నోసార్లు పనిచేస్తుంది. బట్ట మీద స్టెన్సిల్ పరిచి, పైన ముద్ద వేసి, బద్దతో ఒక్క తీరున లాగుతారు. తరవాత నీడలో ఆరబెట్టడం.

ఈ ఆరబెట్టడం దగ్గరే నేను రెండుసార్లు బోర్లా పడ్డాను. మొదటిసారి శ్రావణమాసం, మా బందరు గాలి ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది, ఉప్పు డబ్బాలో ఉప్పే నీళ్ళు కారుతుంది. పైన ఆరినట్టే కనిపించింది, గోటితో నొక్కితే టక్కుమంది, సరే అనుకుని పదహారు మీటర్ల తాను తొట్టిలోకి దింపాను. మూడో ముంపులో లోపలి తడి ముద్ద జారడం మొదలైంది, పైకి తీసి చూస్తే పువ్వూ లేదు ఆకూ లేదు, మబ్బు పట్టినట్టుంది. ఆ తాను మా ఇంట్లో దిండు గలీబులైంది. రెండోసారి బుద్ధి తెచ్చుకుని మే నెలలో చేశాను, ఎండలో వేశాను, ఇంకేముంది, పాత గోడ సున్నం పెచ్చులూడినట్టు ముద్ద చిట్లి పైకి లేచింది. కాబట్టి నీడ, గాలి, తొందరపడకుండా కొన్ని రోజులు. నాంటాంగ్ పనివాళ్ళు పిండినీ సున్నాన్నీ వేసవికి ఒక లెక్కలో, చలికాలానికి ఇంకో లెక్కలో కలుపుతారంటే ఊరికే కాదని అప్పుడు అర్థమైంది.

ఇక తొట్టి. నీలిమందు నీళ్ళలో కరగదు, కరగనిది నూలుకి పట్టదు. అందుకని దాన్ని పులియబెట్టి, సున్నమో బూడిద నీళ్ళో పోసి క్షారంగా ఉంచి, అందులోని ఆక్సిజన్ తీసేస్తే కరిగే రూపంలోకి మారుతుంది. చైనాలో తొట్టికి బియ్యపు సారా, గోధుమ తవుడు పెడతారు, నేను బెల్లం వేస్తాను, ఎవరు ఏది వేసినా తినేది ఆ సూక్ష్మజీవులే. బాగా పండిన తొట్టి మీద రాగి మెరుపుతో ఒక తెర, మధ్యలో నీలి నురగ ఉంటుంది, ఆ తెర తొలగిస్తే కింద ద్రవం పసుపు ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు లేకుండా నీలంగా ఉందంటే తొట్టి ఇంకా సిద్ధం కాలేదన్నమాట. బట్టని ఇరవై నిమిషాలు ముంచి పైకి తీస్తే ముందు పచ్చగా వస్తుంది, గాలి తగిలిన చోటల్లా కళ్ళ ముందే నీలమవుతుంది. వేలసార్లు చూసినా ఇప్పటికీ నేను ఆ ఒక్క నిమిషం పని ఆపి చూస్తాను. అరగంట గాలికి వదిలి మళ్ళీ ముంపు, ఇలా ఆరు నుంచి ఎనిమిది సార్లు. తొందరపడి ఒకటే పెద్ద ముంపు ఇస్తే పైపైన ముదురుగా కనిపించి రెండు ఉతుకుల్లో తేలిపోతుంది.

చివర్లో పుల్లనీళ్ళలో ఒకసారి ఆడిస్తారు, సున్నం సడలుతుంది. బట్టని లాగి బిగించి, వెడల్పాటి మొండి కత్తితో ఏటవాలుగా గీకుతారు. కత్తి నిలువుగా పెడితే బట్ట తెగుతుంది, మరీ పడుకోబెడితే ముద్ద రాదు. గీకుతుంటే తెల్లపొడి లేచి ముక్కులోకి, మీసాల్లోకి పోతుంది (మాస్క్ వేసుకోండి, సున్నంతో వేళాకోళం కాదు), ఆ పొడి కింద నుంచి పువ్వు బయటపడుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది. నీలి గుడ్డ మీద బొమ్మల్ని దగ్గరగా చూడండి, ఎక్కడా పొడుగాటి తెల్ల గీత ఉండదు, అన్నీ చుక్కలు, చిన్న చిన్న ముక్కగీతలు. అది అందం కోసం మొదలైంది కాదు. ఒక కాగితంలో సున్నా కత్తిరించి చూడండి, లోపలి బిళ్ళ రాలి కింద పడుతుంది. స్టెన్సిల్‌లో రంధ్రం ఉన్న చోటే తెలుపు వస్తుంది కాబట్టి తెల్లటి సున్నా కావాలంటే దాన్ని చుక్కలుగా విరగ్గొట్టక తప్పదు, మధ్య మధ్య వదిలిన కాగితమే ఆ బిళ్ళని పట్టుకుంటుంది. నెమలి తోకలాంటి ఫీనిక్స్ తోక గానీ, పియోనీ పువ్వు రేక గానీ, చేప పొలుసు గానీ అన్నీ ఈ కట్టుబాటులోనే గీయాలి. చేప ఎందుకంటే వాళ్ళ భాషలో చేపకీ మిగులుకీ ఒకటే పలుకు, పెళ్ళి దుప్పట్ల మీద అందుకే అన్ని చేపలు. అదే తెల్ల గుడ్డ మీద నీలి పువ్వు కావాలంటే ఒక్క స్టెన్సిల్ చాలదు, మొదటిది అద్దాక మిగిలిన జాగాని కప్పడానికి రెండోది వేయాలి, పని రెట్టింపు.

కానీ చుక్కలున్నాయి కదా అని నమ్మకండి, స్క్రీన్ ప్రింట్ వాళ్ళు చుక్కలూ కాపీ కొడతారు. వెనక్కి తిప్పండి. తొట్టిలో మునిగిన గుడ్డకి నేల నీలం రెండువైపులా ఒకే ముదురు ఉంటుంది, స్క్రీన్ ప్రింట్‌కి వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. ముద్ద ఒకవైపే పూస్తే వెనక తెల్ల పువ్వులు కాస్త మసకగా ఉంటాయి, దాన్ని లోపం అనుకోవద్దు. ఇంకొక పరీక్ష నాకు బాగా ఇష్టం. తెల్ల భాగాల్లో వెంట్రుకలాంటి నీలి పగుళ్ళు ఉంటాయి, ఆరిన ముద్ద చిట్లిన చోట రంగు దూరినవి. ఒక పగులు పట్టుకుని, అదే పువ్వు మళ్ళీ వచ్చే చోట వెతకండి. అచ్చం అదే పగులు అదే వంకరతో అక్కడా ఉంటే అది మెషిన్ మీద వచ్చింది, ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

సహజ నీలా, రసాయన నీలా అని కూడా అడుగుతారు జనం. ఇంట్లో తేల్చలేరు. జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ 1897లో రసాయన నీలిని అమ్మకానికి తెచ్చింది, అందులో రంగునిచ్చే పదార్థమూ ఆకులోంచి వచ్చేదీ ఒకటే. తడి తెల్లగుడ్డతో రుద్దితే రెండూ కొద్దిగా అంటుకుంటాయి. అది చూసి గగ్గోలు పెట్టాల్సిన పని లేదు, మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతుక్కోండి.

ఇక్కడే ఒకాయన “అచ్చు అద్దకం మన దేశం నుంచే చైనాకి వెళ్ళింది” అన్నారు. మన కలంకారీ మీద నాకూ ప్రేమే, దాని మీదే తింటున్నాను, కానీ ఈ మాట నిలబడదు. చాంగ్‌షా దగ్గర మావాంగ్‌డుయిలో 1972లో తవ్విన సమాధిలో, క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో చనిపోయిన ఒక దొరసాని బట్టల మధ్య, బంగారు వెండి రంగుల్లో అచ్చు వేసిన పల్చటి పట్టు దొరికింది. 1983లో గ్వాంగ్‌జౌలో బయటపడ్డ, నాన్‌యుయే అనే పాత రాజ్యపు రాజు సమాధిలో ఏకంగా కంచు అచ్చులే దొరికాయి, వాటిలో ఒకదాని నమూనా ఆ మావాంగ్‌డుయి పట్టు మీది దానికి దగ్గరగా ఉంది. పట్టు మీద అచ్చు వాళ్ళకి అప్పటికే వచ్చు. మన వాటా వేరే చోట ఉంది, పత్తిలో. పత్తి సాగు మన ఉపఖండంలో పుట్టి నెమ్మదిగా అటు పాకింది, యాంగ్‌ట్సీ దిగువన ఇంటింటా నూలు వడికేది పదమూడో శతాబ్దం తరవాతే. హైనాన్ దీవిలో నేర్చుకున్న నూలు పనిని హువాంగ్ డావోపో అనే ఆవిడ షాంఘై దగ్గరి తన ఊరికి తెచ్చిందని వాళ్ళు ఇప్పటికీ కొలుస్తారు. ఆ ముతక నూలు గుడ్డ లేకపోతే మీ దుప్పటి లేదు.

చెక్కల మధ్య బిగించే జియాషియే కథ ఇంకా బాగుంటుంది. టాంగ్ వంశపు షువాన్‌జోంగ్ చక్రవర్తి అంతఃపురంలో లియు అనే ఆవిడ ఉండేదట, ఆవిడ చెల్లెలు చేతిపనిలో దిట్ట, పువ్వులు చెక్కిన పలకల మధ్య పట్టు బిగించి రంగు వేయించి మహారాణికి కానుక పంపిందట. చక్రవర్తికి నచ్చి కోటలో చేయించాడు, మొదట రహస్యంగా ఉంచి తరవాత ఊరంతా పాకింది. ఆ కాలపు రంగురంగుల జియాషియే పట్టు ముక్కలు ఇవాళ చూడాలంటే జపాన్‌లో నారా నగరంలోని షోసోయిన్ ఖజానాలో ఉన్నాయి. తరవాత సాంగ్ వంశపు కాలంలో ప్రజలెవరూ అలాంటి పలకలు చేయకూడదని నిషేధం పెట్టారు. రంగురంగుల పని పోయింది, జెజియాంగ్ రాష్ట్రం వెన్‌జౌ పల్లెల్లో ఒక్క నీలం మిగిలింది. అక్కడ పదిహేడు చెక్క పలకలు ఒక సెట్టు, మడతపెట్టిన గుడ్డని వాటి మధ్య పేర్చి ఇనప చట్రంతో బిగించి మొత్తాన్ని దూలానికి కట్టి తొట్టిలోకి దింపుతారు. పలకల్లోంచి సన్నటి కాలవలు చెక్కి ఉంటాయి, రంగు లోపలి పువ్వుల దాకా వెళ్ళాలి కదా. నాటకాల్లోని పాత్రల బొమ్మలతో పెళ్ళి దుప్పట్లు అలాగే చేసేవాళ్ళు. గుడ్డ రెండుగా మడిచి ఉంటుంది కాబట్టి విప్పితే బొమ్మ అద్దంలో చూసినట్టు రెండు వైపులా వస్తుంది. మీ దుప్పటిలో అలా ఉంటే నాకు వెంటనే చెప్పండి, అది మామూలు వస్తువు కాదు.

మైనం పని గురించి, అదే బాతిక్, గుయిజౌ రాష్ట్రపు కొండల్లో మియావ్ తెగ ఆడవాళ్ళు చేస్తారు, డాన్‌జాయ్ పేరుపడ్డ చోటు. మన కలంలాగా గుడ్డ చుట్టిన వెదురుపుల్ల కాకుండా పల్చటి రాగి రేకులు నాలుగైదు పక్కపక్కన పేర్చి పిడికి కట్టిన చిన్న కత్తి, ఆ రేకుల మధ్య కరిగిన తేనెమైనం నిలుస్తుంది. పెన్సిల్ గీతలుండవు, గోటితో గుడ్డ మీద నొక్కి కొలతలు పెట్టుకుని గీసేస్తారు. అద్దాక మరిగే నీళ్ళలో వేస్తే మైనం పైకి తేలుతుంది, తీసి దాచుకుని మళ్ళీ వాడతారు. బజారులో బాతిక్ అంటే పగుళ్ళే అందమని అమ్ముతారు గానీ, అక్కడి పెద్దావిడలు పగుళ్ళు పడితే చేతగాని పని అనుకుంటారు. ఆ జిల్లాల్లోనే డాంగ్ జనం నీలి గుడ్డకి కోడిగుడ్డు తెల్లసొన పూసి చెక్క సుత్తితో గంటలకొద్దీ కొట్టి, ఇత్తడి మెరిసినట్టు మెరిపిస్తారు.

మెరుపు అంటే షాంఘైకి దగ్గర్లోని సుజౌ నగరం సంగతి చెప్పకుండా ఉండలేను. అద్దిన నూలుగుడ్డని నున్నగా చేయడానికి చెక్క రోలరుకి చుట్టి, పైన పడవ ఆకారంలో పెద్ద రాయి పెట్టి, ఒక మనిషి దాని రెండు కొసల మీద రెండు కాళ్ళు పెట్టి నిలబడి అటూ ఇటూ ఊగుతాడు, అంతే పని, పొద్దుటి నుంచి రాత్రి దాకా. 1730 నాటికి సుజౌలో ఇలాంటి రాతి పనివాళ్ళు పదివేలమందికి పైనే ఉన్నారు, కూలి కోసం ఎన్నోసార్లు సమ్మెలు కట్టారు. మ్యూజియంలో గుడ్డ చూసి ఆహా అంటాం గానీ దాని కింద ఎవరి మోకాళ్ళు అరిగాయో రాయి చెప్పదు.

ఇక మన కలంకారీకి నిజంగా రక్తసంబంధం లాంటిది ఎక్కడైనా ఉందంటే నీలంలో కాదు, నలుపులో ఉంది. గ్వాంగ్‌డాంగ్‌లోని షున్‌డెలో షియాంగ్‌యున్‌షా అనే పట్టు చేస్తారు. ఒక రకం అడవి పెండలం దుంపని దంచి రసం తీసి, పట్టుని అందులో ముంచి గడ్డి మైదానంలో ఎండకి పరుస్తారు. మళ్ళీ రసం, మళ్ళీ ఎండ, ముప్పైసార్లకి దగ్గరగా. గుడ్డ ఇటుకరంగు గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు తెల్లవారకముందే, ఎండ తగలకుండా, ఒక్కవైపు నది బురద పూస్తారు. బురదలో ఇనుముంది, రసంలో వగరు ఉంది, రెండూ కలిసి నల్లబడతాయి. కాసేపు ఉంచి నదిలో కడిగేస్తే ఒకవైపు తారులా మెరిసే నలుపు, రెండోవైపు గోధుమరంగు. మన దగ్గర కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనపతుక్కు, బెల్లం ఊరిన నీళ్ళతో గీత గీస్తే నల్లగా తేలుతుంది కదా, అచ్చంగా అదే కిటుకు. ఇనుము మనకి తుప్పు నుంచి, వాళ్ళకి నదిలోంచి. ఎండ మరీ మండిపోయే జులై, ఆగస్టుల్లో వాళ్ళు పని ఆపుతారు, పట్టు పెళుసవుతుందని. నడుస్తుంటే సరసరమని చప్పుడు చేస్తుంది ఆ గుడ్డ, పేరు కూడా ఆ చప్పుడు నుంచే వచ్చిందంటారు.

ఎరుపు గురించి ఒక్క మాట. తెలంగాణలో నూనె కోసం వేసే కుసుమ పంట ఉంది కదా, ఆ పువ్వుల నుంచే వాళ్ళు పాతకాలంలో పెళ్ళి ఎరుపు తీసేవాళ్ళు. ముందు పుల్లనీళ్ళతో పసుపు అంతా కడిగేసి, తరవాత బూడిద నీళ్ళతో ఎరుపు రాబట్టి, మళ్ళీ పులుపు చేర్చి గుడ్డకి పట్టిస్తారు. కళ్ళు చెదిరే రంగు, ఎండకి నిలవదు. మన చిరివేరు ఎరుపు ముందు మన్నికలో అది దిగదుడుపే, ఈ విషయంలో నేను పక్షపాతినే.

ఇంటి దగ్గర చేయవచ్చా అన్నారు. చేయవచ్చు, ఇందులో ఖరీదైనది మీ సమయమే. సోయా పిండి కిరాణాలో దొరుకుతుంది, మెత్తగా రెండుసార్లు జల్లించండి, ఒక్క పలుకున్నా స్టెన్సిల్ అంచులో ఇరుక్కుంటుంది. సున్నం తాంబూలానిది కాదు, గోడలకి వేసే మంచి సున్నం విరిచి, చల్లారనిచ్చి, గుడ్డలో వడగట్టి వాడాలి. నీలి నేను తమిళనాడులోని తిండివనం వైపు నుంచి తెప్పిస్తాను. కాగితానికి టుంగ్ నూనె దొరక్కపోతే ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ షీట్ కత్తిరించుకోండి, నేనూ అదే వాడతాను, ఇందులో మడి కట్టుకోవాల్సింది ఏమీ లేదు. మొదటిసారి చేతి రుమాలంత గుడ్డ, నాలుగు ముంపులు చాలు. గుడ్డలో గంజి ఉంటే రంగు పట్టదు, ముందు బాగా ఉడకబెట్టండి. చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పిల్లలున్న ఇల్లయితే సున్నం, తొట్టి రెండూ తాళం వేసే చోట పెట్టండి.

అమ్మడం మాత్రం తొందరపడకండి. ఒక్క దుప్పటికి ఆరబెట్టే రోజులు కలుపుకుంటే వారం పైనే పడుతుంది, బజారులో స్క్రీన్ ప్రింట్ దుప్పటి రేటు పక్కన మీ రేటు చూసి జనం బెంబేలెత్తుతారు, మీరు టెన్షన్ పడి తగ్గించి అమ్మి నష్టపోతారు. నేను మొదటి రెండేళ్ళు అదే పని చేశాను. చిన్నవి చేయండి, సంచులు, టేబుల్ మీద పరిచేవి, వెనకవైపు కూడా తిప్పి చూపించి అమ్మండి, కొనేవాళ్ళకి తేడా తెలిస్తేనే ధర ఇస్తారు. ఈ లోపు మీ ఆడపడుచు దుప్పటి వెనకవైపు ఫొటో ఒకటి, ఒకే పువ్వు రెండుచోట్ల దగ్గరగా తీసిన ఫొటోలు రెండు పెట్టండి, పగుళ్ళు చూసి చెబుతాను. ఫ్లాష్ వేయకండి, కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో తీయండి.